గాలికుంటు పోనిదే ఎగుమతి ధర రాదు

ఎడిటర్ గారికి,

మన గేదె మాంసం ఎముక లేకుండానే ఎందుకు ఎగుమతి అవుతుంది? కొనేవాళ్ల రుచిని బట్టి కాదు, పశువులకు సోకే గాలికుంటు వ్యాధి వల్ల. ఆ వైరస్ పులుపుకు ఆగదు. పశువును కోశాక కండలో నిల్వ ఉన్న చక్కెర, అంటే గ్లైకోజెన్, లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 6 కంటే దిగిందంటే కండలోని వైరస్ చస్తుంది. కానీ మూలుగలోకి, లింఫ్ గ్రంథుల్లోకి ఆ పులుపు చేరదు. అందుకే వ్యాధి ఉన్న దేశాలకు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒక పద్ధతి పెట్టింది. కోసిన మాంసాన్ని 2 డిగ్రీలకు పైన కనీసం 24 గంటలు మగ్గబెట్టాలి. వెన్ను కండ మధ్యలో రెండు పక్కలా పీహెచ్ చూడాలి, 6 లోపు ఉంటేనే ఎముకలు తీయాలి. పెద్ద గ్రంథులన్నీ తీసేయాలి.

ఇక్కడే మన సంతల అలవాటు దెబ్బ కొడుతుంది. మేత, నీళ్లు లేకుండా రెండు మూడు సంతలు లారీలో తిరిగి అలసిన పశువుకు గ్లైకోజెన్ ముందే కరిగిపోతుంది. ఎంత మగ్గబెట్టినా పీహెచ్ దిగదు. ఆ మాంసం ఎగుమతికి పనికిరాదు.

ఇంత చేసినా కొనేవి ప్రధానంగా వియత్నాం, మలేషియా, ఈజిప్ట్ వంటి దేశాలే. ఏటా 300 కోట్ల డాలర్లకు పైగా వస్తున్న మాట నిజమే. అయినా ఎక్కువ ధర పెట్టే జపాన్, అమెరికా వంటి మార్కెట్ల తలుపు మూసే ఉంది.

వ్యాధి లేని దేశానికీ భరోసా లేదు. 2025 జనవరిలో జర్మనీలో బెర్లిన్ దగ్గర 14 గేదెలున్న ఒక్క మందలో గాలికుంటు బయటపడింది, 1988 తర్వాత మళ్లీ అప్పుడే. ఈ వ్యాధి పందులకూ సోకుతుంది కాబట్టి దక్షిణ కొరియా వెంటనే జర్మన్ పంది మాంసం ఆపేసింది. మార్చికల్లా ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని విడగొట్టి, మిగతా దేశానికి వ్యాధి లేని హోదా తిరిగి తెచ్చుకున్నారు. ఏ పశువు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లిందో కాగితం మీద చూపించగలిగారు కాబట్టే అది కుదిరింది.

మన దగ్గర 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఆరు నెలలకోసారి టీకా, చెవికి 12 అంకెల ట్యాగ్ ఉన్నాయి. లోపం అమలులో. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ బాక్స్‌లో మంచుగడ్డకు ఆనించి గడ్డకట్టిస్తే టీకాలోని నూనె, మందు విడిపోతాయి. ఎండలో బండి మీద ఉంచితే వైరస్ రేణువులు ముక్కలై, సూది పడినా రక్షణ రాదు. దూడకు నాలుగు నెలల వయసులో మొదటి డోసు వేసి, నెలకు పడాల్సిన బూస్టర్ వేయకుండా వదిలేస్తున్నారు. నిండు చూలు పశువులను అప్పటికి పక్కన పెట్టడం సరే, ఈనాక తిరిగి వెళ్లేవాళ్లు తక్కువ. రెండు మూడు రోజులు పాలు తగ్గుతాయని వద్దనే రైతును తప్పుపట్టలేం. ఆ తగ్గుదల తాత్కాలికమని ముందే చెప్పాలి.

మరో చిక్కు కర్ణాటక, ఆంధ్ర సరిహద్దు. కోలార్, చిక్కబళ్లాపుర సంతల్లో మదనపల్లె, హిందూపురం వైపు పశువులూ కనిపిస్తాయి. ఒకవైపు టీకా వేసి, రెండోవైపు రెండు నెలలాగితే ఆ సందులో వైరస్ తిరుగుతుంది. ఇరువైపులా ఒకే పక్షంలో టీకా పూర్తి చేయాలి. ట్యాగ్ స్కాన్ చేయనిదే సంత గేటు దాటనివ్వకూడదు. టీకా వేసిన నెలకు రక్త నమూనాలు తీసి, రక్షణ ఎంతమేర వచ్చిందో మండలాలవారీగా ప్రకటించాలి. శుద్ధి చేసిన టీకాతో ఎన్‌ఎస్‌పి (వైరస్ ఒంట్లో పెరిగేటప్పుడు తయారయ్యే ప్రోటీన్ల) యాంటీబాడీలు సాధారణంగా రావు, వ్యాధి సోకితే వస్తాయి. కాబట్టి అవే నమూనాలతో వైరస్ ఇంకా తిరుగుతోందో లేదో కూడా తేలుతుంది. కొనే దేశం మనల్ని అడిగేది ఆ లెక్కే, వేసిన డోసుల సంఖ్య కాదు.

— ఒక పశువైద్యుడు, యలహంక, బెంగళూరు