చుక్క వెనకాల ఏం జరుగుతుందో కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద వేసిన ఆర్టికల్‌ని మా పక్క ఫ్లాట్ కుర్రాడు, ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్, పట్టుకొచ్చి చూపించాడు. బాగానే రాశారు, కాదనను, కానీ ఒక చోట ఆగిపోయా. పైథాన్‌లో ఆబ్జెక్ట్ (డేటానీ దానితో చేసే పనుల్నీ కలిపి కట్టిన మూట) లోపలి డేటాకి కాపలా ఉండదు, ఎవరైనా ఏదైనా మార్చేయొచ్చు, అందుకే జావా భాషలో లాగా ప్రతిదానికీ విలువ చదివిచ్చే ఒక గెట్టర్, విలువ మార్చే ఒక సెట్టర్ రాసుకోవాలి, పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే ప్రైవేట్ అయిపోతుంది అని రాశారు. పద్నాలుగేళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నవాణ్ణి, చదివి ఊరుకోలేక రాస్తున్నా.

అండర్‌స్కోర్ల సంగతి ముందు తేల్చేద్దాం. అది తాళం కాదు సార్, పేరు మార్చడం అంతే. స్టూడెంట్ అనే క్లాసులో, అంటే ఆబ్జెక్టులు పోత పోసే అచ్చులో, మార్క్స్ ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే, లోపల ఆ పేరుకి ముందు ఇంకో అండర్‌స్కోర్, క్లాసు పేరు తగిలిస్తుంది పైథాన్. ఆ సంగతి తెలిసినవాడు బయట్నుంచి నిక్షేపంగా మార్చుకుంటాడు. ఆ క్లాసు నుంచి పుట్టిన సబ్‌క్లాసులో ఎవరైనా అదే పేరు వాడితే ఒకదాన్నొకటి తొక్కేసుకోకుండా పెట్టిన ఏర్పాటు అది, సెక్యూరిటీకి కాదు.

అసలు కాపలా వేరే ఉంది, దాని పేరు డిస్క్రిప్టర్. నిన్న మొన్న వచ్చింది కూడా కాదు, 2001 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 2.2 నుంచీ ఉంది. ఆబ్జెక్ట్ పేరు రాసి చుక్క పెట్టి మార్క్స్ అంటాం కదా, ఆ చుక్క దగ్గర పైథాన్ ఊరికే విలువ తెచ్చి చేతిలో పెట్టదు. ముందు క్లాసులోకి వెళ్లి ఆ పేరుతో ఏముందో చూస్తుంది, అక్కడున్న వస్తువుకి డండర్ గెట్ (పేరుకి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు, __get__) అనే మెథడ్, అంటే క్లాసులో రాసిన ఫంక్షన్, ఉంటే చదివేటప్పుడు దాన్ని పిలుస్తుంది, డండర్ సెట్ ఉంటే రాసేటప్పుడు దాన్ని పిలుస్తుంది, డండర్ డిలీట్ ఉంటే తీసేసేటప్పుడు. ఇంతే డిస్క్రిప్టర్ అంటే. మార్కులు 0 నుంచి 100 లోపే ఉండాలి అన్న చెక్ ఒక్కసారి డండర్ సెట్‌లో రాసి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడింటికీ తగిలించుకుంటే చాలు, ఎవరైనా 120 అని కొడితే అక్కడే ఎర్రర్ కొట్టి పంపిస్తుంది. మూడు సబ్జెక్టులకి ఆరు గెట్టర్లూ సెట్టర్లూ రాసే పని ఎందుకు?

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలా, తిట్లు తిని నేర్చుకున్నా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీకి మార్కుల సాఫ్ట్‌వేర్ చేశాం, ఆ డిస్క్రిప్టర్ నేనే రాశా, చాలా తెలివిగా రాశాననుకున్నా. ఒక పిల్లాడికి 87 ఎంటర్ చేసి చూస్తే 87 వచ్చింది, శభాష్. తర్వాత పిల్లకి 54 కొట్టాం, 54 వచ్చింది. వెనక్కెళ్లి మొదటివాడిది తీస్తే వాడికీ 54. క్లాసు మొత్తానికి 54! డేటాబేస్ తప్పంటూ రాత్రి పదింటి దాకా దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాం. చివరికి మా సీనియర్ అన్న వచ్చి రెండు నిమిషాల్లో పట్టుకున్నాడు. నేను ఆ విలువని డిస్క్రిప్టర్ లోపల సెల్ఫ్‌లోనే, అంటే ఆ డిస్క్రిప్టర్‌లోనే దాచా, ఆ డిస్క్రిప్టరేమో క్లాసుకంతా ఒక్కటే. "అపార్ట్‌మెంట్ అంతటికీ వాచ్‌మన్ ఒక్కడేరా, ఎవరి సామాను వాళ్ల ఫ్లాట్‌లో పెట్టించాలి గానీ అందరిదీ వాడి జేబులో పెట్టిస్తావేంట్రా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలా. అప్పుడు విలువని ఆ స్టూడెంట్ ఆబ్జెక్ట్ సొంత డిక్షనరీలో (పేరు, విలువ జతలుగా దాచే చోటు), అదే డండర్ డిక్ట్‌లో పెట్టాం, సరిపోయింది.

మొన్న మా పక్క కుర్రాడితో ఇదే చేయిస్తే వాడింకో గోతిలో పడ్డాడు. డండర్ సెట్ లోపల మళ్లీ చుక్క పెట్టి అదే పేరుకి విలువ ఇచ్చాడు, అది మళ్లీ డండర్ సెట్‌ని పిలిచింది, అది మళ్లీ... వెయ్యి దాకా తిరిగి రికర్షన్ ఎర్రర్ అని చతికిలపడింది. డండర్ డిక్ట్‌లో నేరుగా రాయమన్నది అందుకే. ఏ పేరుతో రాయాలో డిస్క్రిప్టర్‌కి ఎలా తెలుస్తుంది అంటారా, పైథాన్ 3.6లో డండర్ సెట్ నేమ్ వచ్చాక క్లాసు తయారయ్యేటప్పుడే ఆ పేరు దానికి చెప్పేస్తుంది, అంతకుముందు మనమే కోట్స్‌లో ఇంకోసారి రాసి ఇవ్వాల్సి వచ్చేది.

మీ ఆర్టికల్‌లో ఇంకో వాక్యం కూడా ఉంది, మెథడ్‌లో మొదట సెల్ఫ్ రాయడం రూల్ అని. కోచింగ్ సెంటర్లలోనూ ఇదే జవాబు, ఎందుకు సార్ అని అడిగితే రూల్ అంతే, రాసుకో. దానికి జవాబు కూడా డిస్క్రిప్టరే! పైథాన్‌లో మామూలు ఫంక్షన్‌కి కూడా డండర్ గెట్ ఉంటుంది. ఆబ్జెక్ట్ పక్కన చుక్క పెట్టి మెథడ్ పేరు అనగానే ఆ డండర్ గెట్ నడిచి, ఫంక్షన్‌నీ ఆ ఆబ్జెక్ట్‌నీ ముడేసి బౌండ్ మెథడ్ చేసి ఇస్తుంది, మనం బ్రాకెట్లు పెట్టి పిలిచినప్పుడు ఆ ఆబ్జెక్టే మొదటి ఆర్గ్యుమెంట్‌గా (ఫంక్షన్‌కి అందించే విలువగా) వెళ్తుంది, అదే సెల్ఫ్. పైథాన్‌లో ముందే ఉన్న ప్రాపర్టీ, క్లాస్‌మెథడ్, స్టాటిక్‌మెథడ్ అన్నీ ఈ తానులో ముక్కలే, వెబ్‌సైట్లు కట్టే జాంగో మోడల్స్‌లో ఇంకో రికార్డుని చూపించే ఫారిన్ కీ పక్కన చుక్క పెడితే అవసరమైనప్పుడు డేటాబేస్‌కి వెళ్లి ఆ రికార్డు తెచ్చేది కూడా ఇదే పద్ధతి.

ఒక చిక్కు మాత్రం ఉంది, ఇంటర్వ్యూల్లో దీని దగ్గరే బోల్తా కొడతారు. డండర్ సెట్ గానీ డండర్ డిలీట్ గానీ ఉంటే దాన్ని డేటా డిస్క్రిప్టర్ అంటారు, దానికి డండర్ గెట్ కూడా ఉంటే, ఆబ్జెక్ట్ సొంత డిక్షనరీలో అదే పేరుతో ఏదున్నా సరే, చదివేటప్పుడు ముందు మాట దీనిదే. డండర్ గెట్ ఒక్కటే ఉంటే నాన్ డేటా డిస్క్రిప్టర్, అప్పుడు ఆబ్జెక్ట్ సొంత విలువదే పైచేయి, అది లేకపోతేనే దీని వంతు. ఎక్కడా ఏదీ దొరక్కపోతే ఆఖర్న క్లాసులో డండర్ గెట్ఆట్ర్ అనే మెథడ్ ఉంటే దాన్ని అడుగుతుంది. ఈ తేడా తెలిస్తే పైథాన్ 3.8లో వచ్చిన క్యాష్డ్ ప్రాపర్టీ కిటుకు ఇట్టే తెలుస్తుంది: అది కావాలనే నాన్ డేటా డిస్క్రిప్టర్, మొదటిసారి లెక్క చేసి జవాబుని ఆబ్జెక్ట్ డిక్షనరీలో పడేస్తుంది, రెండోసారి నుంచి ఆ డిక్షనరీలోదే దొరుకుతుంది కాబట్టి మళ్లీ లెక్క చేయదు.

ఒక్కటి ఒప్పుకోవాలి, డండర్ డిక్ట్‌లోకి నేరుగా చెయ్యి పెట్టేవాణ్ణి డిస్క్రిప్టర్ కూడా ఆపలేదు, మెయిన్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నా గోడ దూకేవాడు దూకుతాడు. కానీ పొరపాటున వచ్చే 120లు ఆగిపోతాయి, మాకు రోజూ తగిలేవి అవే.

మీ పేపర్‌ని ఊళ్లల్లో కూడా పిల్లలు కట్ చేసి నోట్స్‌లో అంటించుకుంటారు, మా చెల్లెలు కూతురు అలాగే చేస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాశా. వచ్చే ఆదివారం ఆ అండర్‌స్కోర్ల వాక్యానికి సవరణ వేయండి, జాగా ఉంటే ఆ 54 మార్కుల ప్రోగ్రాం కూడా వేయండి, తప్పుగా రాసింది ఒక పక్క, సరిచేసింది ఇంకో పక్క. రెండూ కలిపి ముప్పై లైన్లు దాటవు, కావాలంటే నేనే టైప్ చేసి పంపిస్తా.

ఇట్లు,
మీ పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్