సభ్యులకు వార్షిక నివేదిక: తక్కువ ఖర్చులో మన రేవును చూపించడం

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి ఒక పని అప్పగించారు. చేతిలో పెద్దగా డబ్బు లేకుండా వచ్చే పర్యాటకులు కూడా ఈ ఊళ్లో ఒక పూట సంతోషంగా గడిపేలా చూడమన్నారు. పడవ షికారు, డైవింగ్ లాంటివి చేయగలిగిన వాళ్లకు ఏజెంట్లు ఎలాగూ ఉన్నారు. పిల్లలతో బస్సు దిగి, తీరంలో కాసేపు నిలబడి, ఏం చూడాలో తెలియక తిరుగు బస్సు ఎక్కేవాళ్ల కోసమే ఈ ఏడాది పనంతా జరిగింది.

ముందుగా మొదలుపెట్టింది ఆటుపోట్ల బోర్డు. జెట్టీకి వెళ్లే దారిలో ఒక నల్లబల్ల పెట్టాం. నీరు ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు తీస్తుందో వలంటీర్లు రోజూ పొద్దున్నే దాని మీద రాస్తున్నారు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చే మనలాంటి తీరాల్లో ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఇవాళ ఏడింటికి వచ్చిన పోటు రేపు ఏడూ యాభై ప్రాంతంలో వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా ఎక్కి బాగా తీస్తుంది. అష్టమి దగ్గర ఆ తేడా తగ్గిపోతుంది. రాళ్ల మధ్య నీటి గుంటల్లో పీతల్ని, నక్షత్ర చేపల్ని చూడాలంటే నీరు తీసిన వేళకే రావాలి. ఆ వేళ తెలియకే చాలామంది ఉత్త నీళ్లు చూసి వెళ్లిపోయేవారు.

అందరికీ బాగా నచ్చింది ఓడల్ని చదివే నడక. 2004లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఓడరేవు భద్రతా నియమావళి వల్ల సరుకు దించే బెర్తుల దగ్గరికి బయటివాళ్లను రానివ్వరు. అందుకే ఈ నడక అనుమతి ఉన్న బ్రేక్‌వాటర్ (అలల్ని అడ్డుకునే గోడ) మీదే సాగుతుంది. ఒక బైనాక్యులర్ ఉంటే అక్కడి నుంచే చాలా తెలుస్తుంది. ఓడ ముక్కు దగ్గర నిలువుగా రాసిన అంకెలు అది ఎన్ని మీటర్ల లోతుకు మునిగి ఉందో చెబుతాయి. మీటర్లలో రాసే ఓడల మీద ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు. సరుకు దిగుతున్న కొద్దీ ఓడ పైకి లేస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి ఆ అంకెలు చూసినవాళ్లకు తేడా కళ్లకు కడుతుంది.

ఓడ మధ్యలో ఒక వలయం, దాని పక్కన కొన్ని గీతలు ఉంటాయి. నీరు దాన్ని దాటేంత బరువు ఓడలో ఎక్కించకూడదని చెప్పే గుర్తు అది. అధిక బరువుతో ఓడలు మునిగి నావికులు చనిపోతుంటే, శామ్యూల్ ప్లిమ్సాల్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు పోరాడి 1876లో దాన్ని చట్టంలో పెట్టించాడు. గీతల్లో ‘టి’ అక్షరం ఉన్నది ఉష్ణమండలానికి, ‘ఎస్’ ఉన్నది వేసవికి. పెద్ద గాలులు తక్కువని గుర్తించిన ఉష్ణమండల ప్రాంతాల్లో ఓడ ఇంకాస్త బరువు మోయవచ్చు, అందుకే ‘టి’ గీత కొంచెం పైన ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు పెద్దవాళ్లు కూడా బైనాక్యులర్ కోసం చెయ్యి చాపుతారు.

పిల్లలకు మాత్రం ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) నంబరే ఆట. ఓడకు జీవితాంతం మారని ఏడంకెల సంఖ్య ఇది. పేరు మారినా, జెండా మారినా ఇది మారదు. ఉదాహరణకు 9074729 తీసుకోండి. మొదటి ఆరు అంకెల్ని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణిస్తే 63, 0, 35, 16, 21, 4 వస్తాయి. కూడితే 139. దీని చివరి అంకె 9, ఓడ నంబరులో ఏడో అంకె కూడా 9. కాగితం, పెన్సిల్ ఇస్తే చాలు, రేవులో ఉన్న ఓడలన్నిటి నంబర్లూ సరిచూసేదాకా కదలరు.

మడ అడవి నడక చిన్న గుంపులతోనే నడిపాం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్ల మీద కాలు పడితే చెట్టుకే దెబ్బ. అందుకే కట్ట దిగనివ్వం. కట్ట మీద నుంచే ముందున్న పట్టుకారు లాంటి రెండు కాళ్లలో ఒకటి పెద్దగా ఉండే మగ పీతలు దాన్ని ఊపుతూ ఆడ పీతల్ని పిలవడం కనిపిస్తుంది. ఎవరూ మాట్లాడకుండా కదలకుండా ఉంటే కాసేపటికి అవే బయటికొస్తాయి.

లైట్‌హౌస్ ఎక్కే వీలున్న రోజుల్లో ఎక్కించాం, లేని రోజుల్లో కింద నుంచే దీపం మెరుపుల్ని వాచీ పెట్టి లెక్కించమన్నాం. ఒక్కో లైట్‌హౌస్‌కు ఒక్కో లయ ఉంటుంది, చీకట్లో నావికుడు దాన్ని బట్టే అది ఏ తీరమో పోల్చుకుంటాడు. నీటి అంచున నిలబడితే దిగంతం ఐదు కిలోమీటర్లలోపే. 30 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే 19 కిలోమీటర్లు దాటుతుంది.

నీడలేని రోజు కార్యక్రమం కూడా బాగా జరిగింది. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లలో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. గడియారంలో సరిగ్గా పన్నెండుకే అలా జరగాలని లేదు, కాబట్టి ముందే వచ్చి కాచుకోవాలి. ఆ ఎండలో నిలబడతారు కనుక టెంటు, తాగునీరు తప్పనిసరి చేశాం.

రెండు ప్రతిపాదనలకు కార్యవర్గం ఒప్పుకోలేదు. మొదటిది, రాత్రిపూట గుడ్లు పెట్టే తాబేళ్లను టార్చిలైట్లతో చూపించడం. వెలుతురు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు. తాబేలు పిల్లలు వెలుగు వైపే పాకుతూ దారి తప్పుతాయి. రెండోది, నడకలకు టికెట్ పెట్టడం. దీని మీద చర్చ వాడిగానే జరిగింది. ఖర్చులకు డబ్బు కావాలన్న వాదనలో న్యాయం ఉంది. అయినా ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టామో, టికెట్ పెడితే మొదట ఆగిపోయేది వాళ్లే. విరాళాల పెట్టె పెట్టాం, ఇవ్వమని ఎవరినీ అడగడం లేదు.

చేపల జెట్టీ విషయంలో మత్స్యకారులతో కూర్చుని మాట్లాడాం. వేలం జరిగేటప్పుడు పర్యాటకులు పక్కకు నిలబడాలని, అడగకుండా మనుషుల ఫొటోలు తీయకూడదని వాళ్లు కోరారు. పని చేసుకునే చోటు వాళ్లది. గైడ్లందరూ నడక మొదలవ్వకముందే ఈ మాట చెబుతున్నారు.

ఇక మీ సాయం కావాల్సినవి. బ్రేక్‌వాటర్ దగ్గర నీడ గానీ మరుగుదొడ్డి గానీ లేవు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు చాలా ఇబ్బందిగా ఉంది. రేవు అధికారులకు ఇవ్వబోయే అర్జీ మీద ప్రతి సభ్యుడూ సంతకం చేయాలి. ఓడల్లో పనిచేసి రిటైరైన వాళ్లు మీ ఇళ్లలో ఉంటే నడకలకు పంపండి, వాళ్లు చెప్పేది మేం చెప్పలేం. వానాకాలంలో అలలు బ్రేక్‌వాటర్ దాటి పడతాయి కాబట్టి నడకలు ఆపేస్తున్నాం. అవి మళ్లీ మొదలయ్యేలోపు బైనాక్యులర్లు బాగుచేయించాలి, నల్లబల్లకు కొత్త రంగు వేయాలి. ఆ పనికి రాగలిగినవాళ్లు కార్యదర్శికి పేర్లు ఇవ్వండి.