అమ్మ చిన్న ఫోనుకు నెట్ ప్యాక్ ఎందుకు అంటగట్టారు?

సఖినేటిపల్లి మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

మొబైల్ కంపెనీ అప్పిలేట్ అధికారి గారికి,
ఆంధ్రప్రదేశ్ సర్కిల్.

విషయం: కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్ ఉన్నా లేదని చెప్పి డేటా ప్యాక్ వేయించడం, తేడా సొమ్ము వాపసు, మా లంకలో మీరు వసూలు చేస్తున్న ధరకు లెక్క చెప్పడం గురించి.

అయ్యా,

మా అమ్మకు 78 ఏళ్లు. ఆవిడ వాడేది బటన్ల ఫోను. మా ఇంట్లో దాన్ని చిన్న ఫోను అంటాం. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మా చెల్లి ప్రతి శుక్రవారం ఆ ఫోనుకే చేస్తుంది. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే పక్కింటి పిల్లల చేత చదివించుకుంటుంది. అంతకు మించి ఆ ఫోనుతో అమ్మకు పని లేదు. ఇంటర్నెట్ ఆ ఫోనులో రాదు, వచ్చినా ఆవిడకు అక్కర్లేదు.

గత నెల 4వ తేదీన ప్యాక్ అయిపోయింది. మీ కస్టమర్ కేర్‌కి నేనే ఫోన్ చేసి, నెట్ లేకుండా కాల్స్ మాత్రమే ఉన్న ప్లాన్ చెప్పమని అడిగాను. "లేదండీ, ఇప్పుడన్నీ నెట్‌తో కలిపే వస్తున్నాయి" అంది ఆ అమ్మాయి. సరిగా వినలేదేమోనని మళ్లీ అడిగాను. అదే జవాబు. రేవు సెంటర్లో రీచార్జి షాపతను కూడా ఫోనులో పైన కనపడ్డ ప్యాక్‌లే చూపించాడు. శుక్రవారం దగ్గర పడుతోంది, చెల్లి ఫోన్ కలవకపోతే అక్కడ అది పడే టెన్షన్ నాకు తెలుసు. అందుకని ఎనిమిది వందల పైచిలుకు పెట్టి 84 రోజుల ప్యాక్ వేయించాను. రోజుకు 2 జీబీ లెక్కన మొత్తం 168 జీబీ. అమ్మ ఇందులో ఒక్క చుక్క కూడా వాడదు.

వారం తర్వాత మా మేనల్లుడు మీ వెబ్‌సైటులో అట్టడుగుకు వెళ్లి చూస్తే, అదే 84 రోజులకు, నెట్ లేకుండా, దాదాపు సగం ధరకే ప్లాన్ కనపడింది. వెంటనే ఫిర్యాదు చేశాను. రెండో రోజు "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పమని మళ్లీ ఫోన్ చేస్తే, సూపర్‌వైజర్ అని ఒకాయన లైన్లోకి వచ్చాడు. ఆయన మూడు మాటలు చెప్పాడు. ధరలు కంపెనీ ఇష్టమని, దానికి ట్రాయ్ (టెలికం కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ఒప్పుకుందని. ఖర్చులు పెరిగాయని. నచ్చకపోతే పోర్ట్ పెట్టుకోమని. నేను టెలిఫోన్ శాఖలో బిల్లింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ని. ఆ మూడు మాటలకూ జవాబు రాయకుండా ఊరుకోలేకపోతున్నాను.

ముందు అసలు తప్పు సంగతి. 2024 డిసెంబర్ 23న ట్రాయ్ వినియోగదారుల రక్షణ నిబంధనలను సవరించింది. ప్రతి మొబైల్ కంపెనీ కాల్స్, ఎస్సెమ్మెస్‌ల కోసమే కనీసం ఒక ప్రత్యేక వోచర్ ఇవ్వాలని చెప్పింది. ఇటువంటి వోచర్ల గడువు 90 రోజులు దాటకూడదని ఉన్న పాత పరిమితిని 365 రోజులకు పెంచింది. మా అమ్మలాంటి పెద్దవాళ్లు, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లు తమకు అక్కర్లేని డేటాకు డబ్బు కట్టే పరిస్థితి ఉండకూడదనే ఆ సవరణ వచ్చింది. మీరు ప్లాన్ పెట్టారు, కాదనను. పెట్టి, అడిగినవాళ్లకు లేదని చెప్తే దాన్ని పెట్టినట్టు ఎలా లెక్క వేస్తారు?

ఇక "ధరలు కంపెనీ ఇష్టం" అన్న మాట. ఇందులో సగమే నిజం. 1995లో ఈ దేశంలో మొబైల్ వచ్చినప్పుడు చేసిన కాల్‌కీ డబ్బే, వచ్చిన కాల్‌కీ డబ్బే, నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది. 1997లో ట్రాయ్ ఏర్పడింది. 1999లో టారిఫ్ ఆర్డర్ (ధరల ఉత్తర్వు) ఇచ్చి గరిష్ఠ ధరలు నిర్ణయించింది. తర్వాత కంపెనీలు పెరిగి, పోటీ పడి ధరలు తగ్గించడం మొదలుపెట్టాక, మొబైల్ ధరలు నిర్ణయించే పని మానుకుని మీకే వదిలింది. కొత్త ప్లాన్ పెట్టాక 7 పని దినాల్లో తెలియజేస్తే చాలంది. గ్రామాల్లో లాండ్‌లైన్, దేశంలో రోమింగ్, సంస్థలు అద్దెకు తీసుకునే లీజు లైన్ల వంటి వాటికి మాత్రం పరిమితి ఉంచింది. వదిలేయడానికి కారణం పోటీ. పోటీ ఉన్న చోట ధరకు అదే కాపలా అన్న నమ్మకంతో వదిలింది.

మా వైపు రేవు పాట ఉంటుంది. నరసాపురం నుంచి మా సఖినేటిపల్లికి గోదావరిని పంటు (మనుషుల్ని, బండ్లను దాటించే పెద్ద పడవ) మీద దాటతాం. రేవును వేలం వేస్తారు, పాటదారు పంటు నడుపుతాడు. కానీ మనిషికి ఎంత, మోటార్‌సైకిలుకు ఎంత, కారుకు ఎంత అని రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. పాటదారు మంచివాడు కాడని కాదు ఆ బోర్డు పెట్టింది. రేవులో రెండో పంటు లేదు. ఆసుపత్రికి వెళ్లే మనిషి ఎంత అడిగితే అంతా ఇవ్వాల్సిందే. వంతెన ఉన్న చోట ఆటోవాడు ఎక్కువడిగితే ఇంకో ఆటో ఎక్కుతాం, అక్కడ బోర్డు అక్కర్లేదు. ట్రాయ్ మీకు ధరల స్వేచ్ఛ ఇచ్చింది వంతెన ఉందనుకుని. మా లంకలో ఉన్నది రేవు.

అందుకే "పోర్ట్ పెట్టుకోండి" అన్న మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. మా ఊళ్లో దానితో ఏం లాభం? ఇక్కడ ఉన్నది మీ టవర్ ఒక్కటే. మిగతా కంపెనీల సిమ్‌లు నేను తెచ్చి చూశాను. ఒకదానికి మేడ మీదకి ఎక్కితే సిగ్నల్ ఒక గీత వస్తుంది, మరోదానికి అదీ లేదు. 78 ఏళ్ల మనిషిని కూతురితో మాట్లాడటానికి మేడ ఎక్కమంటారా?

"ఖర్చులు పెరిగాయి" అన్న మాట మీద కాస్త ఎక్కువ రాస్తాను. నా ఉద్యోగమంతా ఆ లెక్కల్లోనే గడిచింది. టెలిఫోన్ ధరలను ప్రభుత్వాలు నిర్ణయించాల్సి వచ్చినప్పుడు కంపెనీ పుస్తకంలో రాసుకున్న ఖర్చునంతా ఉన్నదున్నట్టు ఒప్పుకోవు. ఇవాళ దొరికే పరికరాలతో, దుబారా లేకుండా, సమర్థంగా నడిపే సంస్థకు అదే సేవ ఇవ్వడానికి ఎంత అవుతుందో లెక్క వేస్తాయి. పెట్టిన పెట్టుబడి మీద న్యాయమైన రాబడి కూడా ఆ లెక్కలోనే కలుపుతాయి. లేకపోతే రేపు ఎవడూ టవర్ వేయడు, ఆ సంగతి నాకూ తెలుసు. పంటు సంగతే చూడండి. డీజిల్ తాగేసే పాత ఇంజన్ పెట్టుకుని పాటదారు నాకు ఖర్చు ఎక్కువైందంటే టిక్కెట్టు పెంచరు. మంచి ఇంజన్‌కు ఎంత అవుతుందో అంతే చూస్తారు. అతను అంతకంటే పొదుపుగా నడిపితే మిగిలింది అతని లాభం. దుబారా చేస్తే నష్టం అతనిది, రేవు దాటేవాళ్లది కాదు. 1984లో బ్రిటన్‌లో టెలిఫోన్ సంస్థను ప్రైవేటుపరం చేసినప్పుడు, దాని ధరల పెంపు ద్రవ్యోల్బణం కంటే 3 శాతం తక్కువలో ఉండాలని పరిమితి పెట్టారు. టెక్నాలజీ వల్ల ఏటా ఖర్చు తగ్గుతుంది కాబట్టి అందులో కొంత ముందుగానే జనానికి ఇచ్చేయాలని అర్థం.

మన దేశంలోనూ ఈ లెక్క జరిగింది, అదీ కాల్స్ విషయంలోనే. ఒక కంపెనీ కాల్‌ను ఇంకో కంపెనీ అందుకుని అవతలి మనిషికి చేర్చినందుకు నిమిషానికి ఇంత అని ఒకరికొకరు కట్టుకునేవారు. అది 2004లో 30 పైసలు, 2009లో 20, 2015లో 14, 2017 అక్టోబర్ నుంచి 6 పైసలు. 2021 జనవరి 1 నుంచి సున్నా. ఆ 6 పైసలకు వచ్చేటప్పుడు ట్రాయ్ చూసింది, అవతలి కాల్‌ను అందుకునే ఆ ఒక్క పనికి అదనంగా ఎంత ఖర్చవుతుందన్నది మాత్రమే. సున్నా అంటే ఖర్చే లేదని నేను అనడం లేదు. అటూ ఇటూ కాల్స్ ఇంచుమించు సమానమైతే చెల్లించుకోవాల్సిన పని లేదని దాని భావం. కానీ 30 నుంచి 6కు దిగిన ఆ మెట్లు మాత్రం ఒక సంగతి స్పష్టంగా చెప్తున్నాయి. నెట్‌వర్క్ కొత్తదవుతూ, దాని మీద వాడకం పెరుగుతూ పోతే కాల్ ఖర్చు తగ్గుతూ వచ్చింది.

మరి మీకు పెరిగిన ఖర్చు ఏది? స్పెక్ట్రమ్ (సిగ్నల్ తరంగాలు వాడుకునే హక్కు) కొన్నారు, 5జీ పరికరాలు పెట్టారు. మంచిదే, మా మేనల్లుడు వాడుకుంటున్నాడు. అదంతా డేటా కోసం పెట్టిన ఖర్చు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు వరసగా ధరలు పెంచినప్పుడు కూడా పెట్టుబడుల మాటే చెప్పాయి. డేటా తాకని మనిషికి డేటా ప్యాక్ అమ్మి ఆ భారం ఆవిడ మీద వేయడం ఎలా సబబు? రొయ్యల చెరువుకు ఏరేటర్లు పెట్టినవాడి కరెంటు బిల్లు పక్కనున్న కొబ్బరి తోట రైతు చేత కట్టించినట్టుంది.

28 రోజుల గొడవ కూడా చెప్పాలి. 28 రోజులకొకసారి అంటే ఏడాదికి 13 రీచార్జిలు. జీతగాడికి, పింఛనుదారుకు ఏడాదికి 12 నెలలే. 2022 జనవరిలో ట్రాయ్ 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా ఒకే తేదీన వేసుకునే ప్లాన్ కూడా పెట్టమంది. మా రేవు షాపులో ఆ ప్లాన్లు ఎక్కడున్నాయో షాపతనికే తెలియదు.

సిగ్నల్ సంగతి ఇక్కడ క్లుప్తంగా రాస్తాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి వరదలో టవర్ ఆగిపోయింది. దానికి మిమ్మల్ని ఒక్క మాట అనను. మీ మనుషులు పడవ మీద డీజిల్ తెచ్చి జనరేటర్ వేశారు, ఊరంతా చూసింది. నా బాధ మామూలు రోజుల గురించి. ఈ వేసవిలో బ్యాటరీలు పాడై, కరెంటు పోయినప్పుడల్లా ఫోన్లు పోయాయి. ఒకసారి మూడు రోజులు వరసగా లేవు. జిల్లా స్థాయిలో సేవ 24 గంటలకు మించి ఆగితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దె తగ్గించాలని, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పెంచాలని 2024 నాణ్యతా నిబంధనలు చెప్తున్నాయి. ఒక్క లంకలో ఆగితే ఆ లెక్కలోకి రాదు. రాకపోయినా, సేవ ఇవ్వని రోజులకు మీరు డబ్బు తీసుకున్నారన్నది నిజమే కదా. సమర్థంగా నడిపే సంస్థ ఖర్చులో బ్యాటరీలు మార్చడం కూడా ఉంటుంది.

కాబట్టి నేను అడిగేది ఇది. గత నెల 4న వేయించిన డేటా ప్యాక్ ధరకు, అదే గడువున్న కాల్స్ ప్లాన్ ధరకు ఉన్న తేడాను అమ్మ నంబరుకు టాక్‌టైమ్‌గా కాకుండా, నేను కట్టిన ఖాతాకు డబ్బుగా వాపసు చేయండి. ఆ రోజు నా కాల్ రికార్డింగ్ తీసి వినండి, లేదని రెండుసార్లు చెప్పిన మాట అందులో ఉంటుంది. ఆ అమ్మాయి మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. ఆమె ముందు కంప్యూటర్లో ఏ ప్లాన్లు కనపడేలా పెట్టారో దాన్ని సరిచేయండి. కాల్స్ ప్లాన్, 30 రోజుల ప్లాన్, వాటి ధర, గడువు తెలుగులో ఒక కాగితం మీద రాసి మా రేవు సెంటర్ షాపులతో సహా మండలంలోని ప్రతి రీచార్జి షాపులో అతికించండి. పంటు రేట్ల బోర్డు లాగా, అందరికీ కనపడేలా. బ్యాటరీలు ఎప్పటికి మారుస్తారో తేదీ చెప్పండి. ఖర్చులు పెరిగాయని మీ సూపర్‌వైజర్ చెప్పాడు కనుక, డేటా వాడని కస్టమర్‌కు సంబంధించి ఏ ఖర్చు ఎంత పెరిగిందో రాతపూర్వకంగా తెలియజేయండి. మీ వ్యాపార రహస్యాలు నాకు అక్కర్లేదు. ఆ మాట అన్నందుకు ఆధారం చూపిస్తే చాలు.

ఇది ట్రాయ్ 2012 ఫిర్యాదుల పరిష్కార నిబంధనల కింద అప్పీలు. డాకెట్ (నా ఫిర్యాదు నమోదు) మూసిన 30 రోజుల్లోపే పంపుతున్నాను. 39 రోజుల్లో మీరు తేల్చాలి. తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. టెలికం సేవలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో పేరుతో సహా ఉన్నాయి. టెలిఫోన్ గొడవలు వినియోగదారుల ఫోరంలో నడపొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది కూడా. నేను ట్రాయ్‌కి విడిగా మరో ఉత్తరం రాస్తున్నాను. వాళ్లు వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకోరని తెలుసు. ఒకే టవర్ ఉన్న ఊళ్లను పోటీ ఉన్న ఊళ్ల కింద లెక్కగట్టవద్దని, అలాంటి చోట్ల కాల్స్ ప్లాన్‌కైనా గరిష్ఠ ధర నిర్ణయించమని అందులో అడుగుతున్నాను.

రీచార్జి రసీదు, డాకెట్ నంబరు, ఫిర్యాదు పరిష్కారమైందని మీరు పంపిన మెసేజ్ ఫొటో, మీ వెబ్‌సైటులో కాల్స్ ప్లాన్ కనపడిన పేజీ కాపీ జత చేశాను. అమ్మ ప్యాక్ గడువు ఇంకా ఏడు వారాలు ఉంది. ఈసారి రీచార్జికి నేను రేవు షాపుకు వెళ్లేసరికి ఆ కాగితం గోడ మీద ఉండాలి.

ఇట్లు,
మీ వినియోగదారురాలి కుమారుడు
(సంతకం)