చిప్పు కంటే ముందు చక్రం

సంపాదకులకు,

ఇంట్లో చిన్న రైలు నమూనా కట్టుకోవడంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో కొండలు, సొరంగాలు, స్టేషన్ బొమ్మల గురించి వివరంగానే రాశారు. బండి నడిచే సంగతికి వచ్చేసరికి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. పట్టాలు ఒకదానికొకటి తగిలించుకోండి, పాత ఆవిరి ఇంజన్ ఉంటే అందులో డీకోడర్ చిప్పు (పట్టాల మీదుగా వచ్చే ఆదేశాల్ని అందుకుని మోటారును నడిపే చిన్న సర్క్యూటు) పెట్టించండి, కొత్తదానిలా పరుగెడుతుంది అన్నారు. అలా చేసినవాళ్లకు ఎక్కువగా మిగిలేది కాలిన చిప్పు, పాయింటు (దారి రెండుగా చీలే చోటు) దగ్గరికి రాగానే ఆగిపోయే ఇంజనూ. ఈ పనికి ఒక వరస ఉంది. ముందు పట్టా, తర్వాత ఇంజన్‌లోని యంత్రం, ఆ తర్వాత కరెంటు, అన్నిటికన్నా చివర చిప్పు. వరస తప్పితే ఏది ఎక్కడ చెడుతుందో రాస్తున్నాం. కొత్తవాళ్లకు పనికొస్తుందనుకుంటే ప్రచురించండి.

ఎక్కువమంది మొదలుపెట్టేది హెచ్‌ఓ స్కేల్‌తో. అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ప్లైవుడ్ పలక మీద 18 అంగుళాల వ్యాసార్థంతో వంపులు వేస్తే ఒక గుండ్రటి దారి హాయిగా పడుతుంది. 22 అంగుళాలతో కూడా పడుతుంది గానీ పట్టా మధ్యగీతకు, పలక అంచుకు మధ్య రెండంగుళాలే మిగులుతాయి. అప్పుడు అంచు వెంట చిన్న గోడలాంటి చెక్కపట్టీ తప్పనిసరి. లేకపోతే పట్టా తప్పిన ఇంజన్ నేరుగా నేల మీదే పడుతుంది. 18 అంగుళాల వంపులో ఆరు చోదక చక్రాల చిన్న ఇంజన్లు నిశ్చింతగా తిరుగుతాయి. పెద్ద ఇంజన్లు, 30 సెం.మీ. పొడవున్న ప్రయాణికుల పెట్టెలు అక్కడ తిరిగినా చూడముచ్చటగా ఉండవు. కొన్ని అసలు తిరగవు. ఇంజన్ నచ్చిందని కొని, ఆ తర్వాత దానికి సరిపోయే వంపు కోసం వెతకడం తలకిందుల పని.

ఒక దారి మీదుగా ఇంకో దారిని వంతెనపై దాటించాలన్న ఆశ అందరికీ ఉంటుంది. లెక్క చూడండి. కింది బండి దూరాలంటే పై పట్టా కనీసం 7.5 నుంచి 8 సెం.మీ. ఎత్తులో ఉండాలి. వాలు 3 శాతం పెడితే ఎక్కడానికి రెండున్నర మీటర్లకు పైగా కావాలి, దిగడానికి మళ్లీ అంతే. ఈ పలక మీద గుండ్రటి దారి మొత్తం పొడవే సుమారు 5.3 మీటర్లు. అంటే దారంతా ఎక్కుడో దిగుడో తప్ప స్టేషన్ కట్టడానికి జానెడు చదును మిగలదు. పైగా వంపులో చక్రం అంచు పట్టాను రాసుకునే రాపిడి కూడా తోడై, చిన్న ఆవిరి ఇంజన్ నాలుగు పెట్టెలతోనే చక్రాలు జారి నిలబడిపోతుంది. చిన్న పలక మీద చదునైన దారే మేలు. ఎత్తుపల్లాలు కావాలంటే పట్టాను లేపకండి, పక్కనున్న నేలను పల్లం చేయండి. ప్లైవుడ్ మీద 25 లేదా 50 మి.మీ. మందం ఫోమ్ పలక అతికిస్తే, కత్తితో కోసి కాలువలూ లోయలూ తీయొచ్చు. ద్రావకం కలిసిన జిగుర్లు ఫోమును కరిగించేస్తాయి కాబట్టి అతికించే ముందు డబ్బా మీద ఏం రాశారో చదవాలి.

పట్టాల్లో నికెల్ సిల్వర్ రకమే తీసుకోవాలి. ఇత్తడి పట్టా మీద పట్టే చిలుము కరెంటును అడ్డుకుంటుంది, ఇనుప పట్టాకు తుప్పు. పట్టా ముక్కల్ని కలిపే చిన్న లోహపు తొడుగుల్నే నమ్ముకుంటే ఏడాది తిరిగేసరికి అవి వదులై ఎక్కడో ఒకచోట కరెంటు అందదు. పలక కింద 1.5 చదరపు మి.మీ. తీగలు రెండు దారి పొడవునా లాగి, ప్రతి మీటరుకూ ఒకసారి సన్నని తీగలతో రెండు పట్టాలకూ టంకం పెట్టాలి. చేశాక పరీక్ష ఒకటుంది. కరెంటు పెట్టి, కంట్రోలరుకు (పట్టాలకు కరెంటిచ్చే పెట్టె) బాగా దూరంగా ఉన్న చోట రెండు పట్టాల మీద అడ్డంగా ఒక నాణెం ఉంచండి. కంట్రోలర్ వెంటనే కరెంటు ఆపేయాలి. ఆపకపోతే తీగ సన్నమైనా ఉంది, టంకమైనా సరిగా అతకలేదు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కంట్రోలర్ 15 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇస్తుంటే అది 75 వాట్లు. పట్టా తప్పిన పెట్టె షార్టు చేసి అలాగే ఉండిపోతే దాని ప్లాస్టిక్ బోగీ (చక్రాలుండే కింది చట్రం) కరిగిపోవడానికి అంత వేడి చాలు.

పాయింట్ల విషయంలో మీ వ్యాసం ఒక్క మాటా చెప్పలేదు, ఆవిరి ఇంజన్లకు అసలు గండం అక్కడే. పాయింటులో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే కోసు చోటును ఫ్రాగ్ అంటారు. చౌక రకాల్లో అది ప్లాస్టిక్‌ది, లేదా కరెంటు తగిలించని లోహం. నాలుగు, ఆరు చక్రాల ఇంజన్లో మొదటి, చివరి ఇరుసుల మధ్య దూరమే మూడు నాలుగు సెంటీమీటర్లు. ఫ్రాగ్ మీద ఒకటి రెండు చక్రాలకు కరెంటు పోగానే మిగిలినవాటిలో ఒకదాని కింద దుమ్ము ఉన్నా ఆగిపోతుంది. లోహపు ఫ్రాగ్ ఉన్న పాయింటు కొని, దారి మారినప్పుడల్లా ఫ్రాగ్‌కు అందే పట్టా కూడా మారేలా పాయింటు మోటారుకు ఒక స్విచ్చు తగిలిస్తే సగం బాధ తీరుతుంది. పట్టాల మధ్య కంకర పోసి, సగం నీళ్లు కలిపిన తెల్ల జిగురులో ఒక చుక్క సబ్బునీళ్లు వేసి తడిపితే గట్టిపడుతుంది. అయితే పాయింటులో కదిలే పట్టాల దగ్గర ఆ జిగురు చుక్క పడిందా, ఇక ఆ పాయింటు ఊడదీయాల్సిందే.

ఇక ఇంజన్. పాత ఆవిరి ఇంజన్ చేతికొస్తే మొదట మోటారు తీసి పక్కన పెట్టండి. మిగిలిన చట్రాన్ని గాజు పలక మీద వేలితో నెట్టి చూడండి. తడబడకుండా దొర్లాలి. ప్రతి చుట్టుకూ ఒకేచోట పట్టేస్తుంటే చూడాల్సినవి మూడు. చక్రాల్ని కలిపే కడ్డీ వంగిందా? కడ్డీ కట్టిన పిన్ను పక్కకు ఒరిగిందా? ఇరుసు మీద చక్రం తిరిగిపోయిందా? ఎడమ చక్రం పిన్నుకు, కుడి చక్రం పిన్నుకు మధ్య 90 డిగ్రీల తేడా ఉండాలి, అన్ని ఇరుసుల మీదా ఆ తేడా ఒకేలా ఉండాలి. ఒక్క ఇరుసులో కాస్త జరిగినా కడ్డీలు ఒకదాన్నొకటి లాగి బిగుసుకుంటాయి. కొందరు కడ్డీ కన్నాన్ని పెద్దది చేసి పని అయిందనిపిస్తారు. అప్పటికి తిరుగుతుంది, ఆరు నెలలకు గడగడలాడుతుంది.

నడిచేటప్పుడు చక్రం చుట్టుకొకసారి టక్కుమనే చప్పుడు వస్తుంటే కడ్డీల జోలికి వెళ్లకండి, ఇరుసు మీది ప్లాస్టిక్ గేరును చూడండి. భూతద్దంతో చూస్తే రెండు పళ్ల మధ్య లోతులో, ఇరుసు దాకా వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. ఆ చోట పళ్ల మధ్య దూరం పెరిగి, వర్మ్ గేరు (మోటారు ఇరుసు మీద మరలాంటి చుట్లున్న గేరు) అక్కడికి రాగానే ఎక్కి దిగుతుంది. సన్నటి కన్నంలోకి లావు ఇరుసును బిగించి దూర్చడం వల్ల ఏళ్ల తరబడి ప్లాస్టిక్ లాగుకుని పగులుతుంది. గేర్లకు వాడే ఎసిటాల్ ప్లాస్టిక్‌ను జిగురు పట్టదు, కాబట్టి అతికించే ప్రయత్నం దండగ. కొత్త గేరు తెచ్చి, దాని కన్నాన్ని రీమరుతో ఒక్క పిసరు పెద్దది చేశాకే ఇరుసుకు తొడగాలి. లేకపోతే అదీ అదే చోట పగులుతుంది.

మోటారు మార్చాలా వద్దా అన్నది చూపుతో తేలదు, ఆంపియర్లు కొలవాలి. 12 వోల్టుల డీసీ ఇచ్చి, చక్రాల్ని ఒక్క సెకను వేళ్లతో ఆపి మీటరు చూడండి. సాధారణ హెచ్‌ఓ డీకోడర్ తట్టుకునేది నిరంతరంగా ఒక ఆంపియర్. పాత తరహా, పైన తొడుగు లేని మోటార్లు ఆగినప్పుడు దాన్ని దాటేయడం మామూలే. చాలాసార్లు కారణం బలం తగ్గిన అయస్కాంతం. పాత ఆల్నికో అయస్కాంతాన్ని మోటారులోంచి ఊడదీసి అలా వదిలేస్తే ఇంకా నీరసిస్తుంది. దాని స్థానంలో నియోడిమియం ముక్కలు పెడితే కరెంటు తగ్గుతుంది, నెమ్మదిగా నడిచేటప్పుడు ఊపిరి వస్తుంది. మరీ బలమైనది పెడితే మాత్రం మోటారు తిరిగేటప్పుడు మెట్టుమెట్టుగా ఆగి కదులుతుంది.

మొత్తం మోటారే మార్చేటట్లయితే వేగం లెక్క వేసుకోండి. గంటకు 60 కి.మీ. అంటే హెచ్‌ఓలో సెకనుకు 19 సెం.మీ. అసలు ఇంజన్ చక్రం మీటరున్నర ఉంటే నమూనాలో 17 మి.మీ. ఆ వేగంలో అది నిమిషానికి 212 చుట్లు తిరగాలి. గేరు 30:1 అయితే మోటారు తిరగాల్సింది సుమారు 6,400 చుట్లు. 12 వోల్టుల దగ్గర 9,000 నుంచి 10,000 చుట్లు తిరిగే మోటారు చాలు, 18,000 తిరిగేది పెడితే గూడ్స్ బండి గంటకు 170 కి.మీ. వేగంతో పోతుంది. వర్మ్ గేరును పూర్తిగా నొక్కి బిగించకండి. ఒక పలచని కాగితం పట్టేంత సందు ఉండాలి.

చిప్పులు కాలడానికి అతిపెద్ద కారణం మోటారును చట్రం నుంచి విడదీయకపోవడం. పాత ఇంజన్లలో మోటారు బ్రష్షుల్లో (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) ఒకటి నేరుగా చట్రానికి తగిలి ఉంటుంది. చట్రం చక్రాల ద్వారా ఒక పట్టాకు కలిసి ఉంటుంది, అంటే కరెంటు లెక్కన అదీ ఒక పట్టాయే. అలా ఉండగానే డీకోడర్ పెడితే పట్టా కరెంటు వెనక దారిన మోటారు తీగల్లోకి దూరి చిప్పు కళ్లముందే పొగైపోతుంది. బ్రష్షుకు తొడుగు వేయాలి, మోటారును పట్టి ఉంచే ఇనుప మర బదులు నైలాన్ మర వాడాలి. తర్వాత మల్టీమీటరు ఒక మొన బ్రష్షు మీద, రెండోది చట్రం మీద, ఆపైన కుడి చక్రం, ఎడమ చక్రం మీద పెట్టి చూడాలి. రెండు బ్రష్షులకూ ఇలాగే. ఎక్కడా కలవకూడదు. మోటారు ఇరుసును చేత్తో తిప్పుతూ ఒకసారి, ఇంజన్ పైభాగం మూసి బిగించాక మరోసారి కొలవాలి. బాయిలర్‌లో పెట్టిన సీసపు బరువు బ్రష్షును తాకేది మూసిన తర్వాతే.

ఇక్కడ మీ వ్యాసంతో వేసిన బొమ్మ గురించి చెప్పక తప్పదు. అందులో ఎరుపు, నారింజ తీగలు తారుమారయ్యాయి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని నమూనా రైళ్ల సంఘం) పద్ధతిలో ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. తెలుపు ముందు దీపం, పసుపు వెనక దీపం, రెండింటికీ ఉమ్మడి ధన తీగ నీలం. ఆ బొమ్మ ప్రకారం కలిపితే పైన చెప్పిన పొగే వస్తుంది. దయచేసి సవరణ వేయండి. ఎల్‌ఈడీకి వెయ్యి ఓముల రెసిస్టర్ పెట్టాలన్నది కూడా అందులో కలపండి.

చిప్పు పెట్టేలోపు చేయాల్సిన పని ఇంకొకటుంది. చాలా పాత నమూనాల్లో ఇంజన్ ఒక పట్టా నుంచి, టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే పెట్టె) రెండో పట్టా నుంచి మాత్రమే కరెంటు తీసుకుంటాయి. సన్నని ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ ముక్కలు టెండర్ చక్రాల వెనక వైపు మెత్తగా తాకేలా అమరిస్తే, రెండు పట్టాల నుంచీ అన్ని చక్రాలూ కరెంటు తీస్తాయి. గట్టిగా ఒత్తితే అవే బ్రేకులవుతాయి. టెండర్ ఒక్కదాన్నీ 3 శాతం వాలు మీద వదిలితే దానంతట అదే జారాలి, అంతే ఒత్తిడి. ఇంజన్ బరువు పెంచాలంటే చోదక చక్రాల మధ్యకు వచ్చేలా పెంచాలి. బండి బరువైనప్పుడు చక్రాలు జారాలి గానీ మోటారు బిగుసుకోకూడదు, అదే హద్దు.

శబ్దం వచ్చే డీకోడర్ అయితే స్పీకర్ వెనక భాగం గాలి చొరబడని పెట్టెలో ఉండాలి. లేకపోతే ముందు నుంచి వచ్చే ధ్వనిని వెనక ధ్వని చంపేసి, ఇంజన్ కూత దోమ కూతలా వినిపిస్తుంది. రెండు సిలిండర్ల ఇంజన్‌కు చక్రం చుట్టుకు నాలుగు ‘ఛుక్’ శబ్దాలు, అంటే చఫ్‌లు. నెమ్మదిగా నడిపి లెక్కపెట్టి సరిచేసుకోవాలి.

తీగలన్నీ కలిపాక ఇంజన్‌ను నేరుగా ప్రధాన దారి మీద పెట్టొద్దు, ప్రోగ్రామింగ్ పట్టా (చిప్పును చదివి సరిచేసుకోవడానికి విడిగా ఉంచే పట్టా) మీద పెట్టండి. అక్కడ కరెంటు పరిమితంగా వస్తుంది కాబట్టి తీగ తప్పు కలిసినా చిప్పు చాలావరకు బతుకుతుంది. కొత్త డీకోడర్ అడ్రసు (ఇంజన్‌ను పిలిచే నంబరు) 3 అని చదవాలి. చదవకపోతే అక్కడే ఆగి తీగలు చూడాలి. తీగలన్నీ సరిగ్గా ఉన్నా చదవని సందర్భాలు రెండు. చదివిన ప్రతిసారీ డీకోడర్ మోటారుకు క్షణకాలం కరెంటిచ్చి కనీసం 60 మిల్లీ ఆంపియర్ల స్పందన చూపాలి. మరీ తక్కువ కరెంటు తీసుకునే కోర్‌లెస్ మోటారు అంత చూపలేకపోవచ్చు. అప్పుడు అక్కడ అడ్రసు చదవకపోయినా ఇంజన్ ప్రధాన దారి మీద 3 అడ్రసుతో నడుస్తుంది. రెండోది, కరెంటు తెగినా రెండు మూడు సెకన్లు నడిపించడానికి పెట్టే కెపాసిటర్. అది నిండేదాకా కరెంటు లాగుతూ స్పందనను కప్పేస్తుంది. చిప్పు పాడైందని తిప్పి పంపే ముందు కెపాసిటర్ తీగ ఒకటి విప్పి, మళ్లీ చదివించి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు