రంగు సంగతి తర్వాత, ముందు జీపు కింద చూడండి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అచ్చంపేట వైపు పాత మహీంద్రా జీపులు కొని ఇంటి దగ్గరే మళ్ళీ నిలబెట్టుకుంటున్న యువకులు చాలామంది కనిపిస్తున్నారు. మంచి పనే. సీజే 3బీ, ఎంఎం 540 లాంటి బండ్లలో కంప్యూటర్ ఉండదు, ప్రతి భాగం పానాకు అందుతుంది. సామాను విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో వెతికితే దొరుకుతుంది. బాధ కలిగించేది పని వరుస. ఉన్న డబ్బంతా రంగుకు, వెడల్పు టైర్లకు, ముందు బిగించే ఇనుప గార్డుకు పోతోంది. బ్రేకుల దగ్గరికి, స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలడం లేదు. ఆ బండే మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగుతుంది. అందుకే ఈ ఉత్తరం.

బాడీ దించకుండా ఛాసిస్‌ను, అంటే బాడీని మోసే ఇనుప చట్రాన్ని, నమ్మొద్దు. చాలా జీపుల్లో డీజిల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది, దాన్ని మొదట దించి దూరంగా పెట్టాలి. బాడీ బోల్టులు జంగు పట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే డీజిల్ పోసి నాననివ్వాలి, అప్పటికీ రాకుంటే నట్టును కాచి తిప్పాలి. సీట్లు, బానెట్, అద్దం ఫ్రేము తీసేస్తే ఆరుగురు మనుషులు బాడీని ఎత్తి పక్కన పెట్టగలరు. ఆ తర్వాత చిన్న సుత్తె పట్టుకుని ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తినేసిన చోట మొద్దు చప్పుడు వస్తుంది. కమాన్ పట్టీల హ్యాంగర్లు, స్టీరింగ్ బాక్స్ బిగించే చోటు, వెనక అడ్డ పట్టీ ముందు చూడాల్సినవి. అన్ని వైపులా మూసిన భాగంలో బురద చేరి లోపలి నుంచి తింటుంది కాబట్టి పైన రంగు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. దమ్ము చేసిన పొలాల్లో, నల్లరేగడిలో తిరిగిన బండ్లకు ఈ రోగం ఎక్కువ. జంగు మీదే నల్ల అండర్‌కోటింగ్ పూయించి అమ్మే బండిని మరింత అనుమానించాలి. ఆ పూత కింద తడి ఆరదు.

ఛాసిస్ వంకర తెలుసుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. చదునైన గచ్చు మీద నిలబెట్టి, మేస్త్రీలు వాడే గుండు దారం నాలుగు హ్యాంగర్ రంధ్రాల నుంచి వేలాడదీసి, గచ్చు మీద సుద్దతో గుర్తులు పెట్టండి. ఛాసిస్ పక్కకు జరిపి ఆ గుర్తులకు మూల నుంచి మూలకు టేపు పట్టండి. రెండు కొలతల తేడా 5 మిల్లీమీటర్లు దాటితే వెల్డింగ్ ఆపి ముందు వంకర తీయించాలి. అతుకు ప్లేటు ఛాసిస్ ఎంత మందమో అంతే మందం ఉండాలి. నిలువుగా ఒకే గీతలో వెల్డింగ్ వేస్తే కొన్నాళ్ళకు ఆ గీత పక్కనే పగులుతుంది. ప్లేటును డైమండ్ ఆకారంలో కోసి వేస్తే బరువు ఒక్కచోట పడదు. వెల్డింగ్ ముట్టించే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పడం మరిచిపోవద్దు.

ఇక అసలు ప్రాణం మీదికి తెచ్చేది ముందు ఇరుసు. యాభై, అరవై వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ చేతిలో వణికి బండి అటూ ఇటూ కొట్టుకుంటే చాలామంది టైర్లు మార్చి, అలైన్‌మెంట్ చేయించి ఊరుకుంటారు. ఎక్కువసార్లు తప్పు కింగ్ పిన్ బేరింగులలో ఉంటుంది. ఇరుసు కొసన బంతిలా కనిపించే హౌసింగ్‌కు పైనొకటి, కిందొకటి టేపర్ బేరింగులు ఉంటాయి, చక్రం పక్కకు మళ్ళేది వాటి మీదే. పరీక్ష తేలిక. చక్రాన్ని జాకీ మీద ఎత్తి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. ఆట, అంటే వదులు కదలిక, ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. అప్పుడు ఆట పోతే వీల్ బేరింగు వదులు. పోకపోతే కింగ్ పిన్.

కొత్త బేరింగులు వేసి బిగిస్తే పని అయిపోదు. ఎంత బిగువు ఉండాలో కొలవాలి. పైమూత కింద షిమ్‌లు, అంటే పల్చటి రేకు బిళ్ళలు, ఉంటాయి. రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్‌ను, ఆయిల్ సీలును తీసేసి, స్టీరింగ్ ఆర్మ్ రంధ్రానికి స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించి లాగండి. ఈ జీపుల అసలు నమూనా చేసిన అమెరికా కంపెనీ విల్లీస్ పాత లెక్క ప్రకారం త్రాసు 4 నుంచి 6 పౌండ్ల మధ్య, అంటే సుమారు 1.8 నుంచి 2.7 కిలోల మధ్య చూపేటప్పుడు కదలాలి. అంతకన్నా తేలిగ్గా కదిలితే ఒక షిమ్ తీయాలి, బరువుగా ఉంటే ఒకటి చేర్చాలి. రెండు వైపులా ఇదే పద్ధతి. తర్వాతే టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే డ్రాగ్ లింక్, కమాన్ బుష్‌లు, చివరికి టో-ఇన్, అంటే ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత. అదే లెక్కలో టో-ఇన్ 3/64 నుంచి 3/32 అంగుళం. కింగ్ పిన్ వదులుగా ఉంచి స్టీరింగ్ డ్యాంపర్ బిగించడం జ్వరానికి దుప్పటి కప్పినట్టే. వణుకు దాగుతుంది, బేరింగు మాత్రం అరుగుతూనే ఉంటుంది.

పాత జీపుల్లో ఎక్కువ వాటికి బ్రేకు మాస్టర్ సిలిండర్ ఒకే గదితో ఉంటుంది. నాలుగు చక్రాలలో ఏ ఒక్కచోట లీకైనా నాలుగూ పోతాయి. కాబట్టి వీల్ సిలిండర్లకు రబ్బరు కిట్టు వేసి నెట్టుకురావద్దు. లోపల గుంటలు పడితే సిలిండరే మార్చాలి. ఉక్కు పైపు కొసకు డబుల్ ఫ్లేర్ (రెండు మడతల అంచు) వేయించాలి, ఒంటి మడత బిగింపులోనే చీలుతుంది. డ్రమ్మును లేత్ మీద మొత్తం వ్యాసంలో మిల్లీమీటరున్నరకు మించి కోయించొద్దు. బ్రేకు పైపుల్లోని గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రంతో మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగ్ బండికి ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు అదీ వరుస. బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది, రెండేళ్ళకోసారి మార్చాల్సిందే.

ఫోర్ బై ఫోర్ గురించి ఒక ముఖ్యమైన మాట. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్, అంటే రెండింటినీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక, లేదు. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే రెండు ఇరుసులూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి, షాఫ్టుల కీళ్ళయిన క్రాసులు గానీ, గేరు పళ్ళు గానీ తెగుతాయి. బురదకు, ఇసుకకు, గులకరాళ్ళకే అది. రెండు ఇరుసులకూ శక్తిని పంచే గేర్ల పెట్టె ట్రాన్స్‌ఫర్ కేసు. అందులో ఇంటర్మీడియట్ షాఫ్టు అరిగితే మోత వస్తుంది, లివర్ దానంతటదే జారుతుంది. షాఫ్టుతో పాటు నీడిల్ బేరింగులు, థ్రస్ట్ వాషర్లు కలిపి మార్చాలి. చేతి బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉన్న బండ్లలో అక్కడి ఆయిల్ సీలు లీకైతే లైనర్ తడిసి బ్రేకు పట్టదు. లైనర్ మార్చే ముందు సీలు మార్చండి. ఇత్తడి సింక్రో రింగులున్న గేర్ బాక్సుకు జీఎల్-4 ఆయిల్, ఇరుసులకు జీఎల్-5. అటుదిటు పోయొద్దు.

ఇంజన్ పని చాలామంది మేస్త్రీలకు బాగా తెలుసు, దాని గురించి ఎక్కువ రాయను. కానీ మన జిల్లా నీళ్ళ సంగతి చెప్పాలి. ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. రేడియేటర్‌కు మాత్రం శత్రువు బోరు నీళ్ళలోని సున్నమే. అది గొట్టాల్లోనూ, బ్లాకులో సిలిండర్ల చుట్టూ కూడా గట్టిపడి వేడిని బయటికి పోనివ్వదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయాలి. బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేయడం మన దగ్గర పాత అలవాటు. అలా చేస్తే డీజిల్ ఇంజన్ సరిపడా వేడెక్కక పొగ వదులుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. మరిగే కారణం వెతకాలి: రేడియేటర్, ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్.

రేకు పని చివరిది. కుళ్ళిన చోట కోసి కొత్త రేకు అతకాలి. నేలకు 16 గేజి, పక్కలకు 18 గేజి సరిపోతుంది. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఎండకు పగులుతుంది. రంగు వేశాక సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా, లైట్లు మసకగా వెలిగినా బ్యాటరీని నిందించకండి. రంగు మందం వల్ల ఎర్త్ తగలదు. ఇంజన్‌కు, ఛాసిస్‌కు, బాడీకి మధ్య ఎర్త్ పట్టీలు వేసే చోట రంగు గీకి ఇనుము కనిపించేలా చేయాలి.

కాగితాల మాట. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది, ఆపై ఐదేళ్ళకోసారి ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు తరగతికి కేంద్రం పెట్టిన రుసుము 5,000 రూపాయలు, 20 ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోకుంటే ఎంత చవకైనా ఆ బండి వద్దు. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. ముందు గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అసలు 6.00-16 టైరు స్థానంలో 31 అంగుళాలది వేస్తే మీటరు 60 చూపేటప్పుడు బండి 65కు పైగా పోతుంటుంది, డ్రమ్ము బ్రేకులకు అంత శక్తి లేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రవాణా కార్యాలయాలకు ఒక విన్నపం. పాత ఫోర్ బై ఫోర్ బండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వచ్చినప్పుడు ఏమేమి చూస్తారో, ఏ మార్పును ఒప్పుకోరో ఒక పేజీలో తెలుగులో రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. అందులో కింగ్ పిన్ ఆటను, బ్రేకు పైపులను మొదటి వరుసలో రాయండి. బండి విప్పకముందే ఆ కాగితం చేతికొస్తే కుర్రవాళ్ళు డబ్బు ఎక్కడ పెట్టాలో ముందే తెలుసుకుంటారు.

ఇట్లు,
పాత జీపుల పని తెలిసిన పాఠకులు,
నల్లగొండ.