చలి రాత్రుల హ్యామక్‌కు కింది బొంతే ముఖ్యం

సంపాదకులకు నమస్కారాలు.

చలికాలంలో ఆరుబయట విడిది చేయడం గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు, చెట్ల మధ్య హ్యామక్ అనే గుడ్డ ఊయల కట్టుకుని పడుకునేవారికి మంచి స్లీపింగ్ బ్యాగ్ ఒకటి ఉంటే చాలునన్నట్టు రాస్తున్నాయి. ఎంత మందమైన స్లీపింగ్ బ్యాగ్ అయినా వీపు కింద శరీర బరువుకు అణగిపోతుందనీ, హ్యామక్ గుడ్డకు దిగువన నిరంతరం కదిలే గాలి వేడిని లాక్కుపోతూనే ఉంటుందనీ వాటిలో కనిపించదు. ఇది తెలియక పైన రెండేసి దుప్పట్లు కప్పుకుని కూడా నడుము, భుజాలు కొయ్యబారి తెల్లవార్లూ మేలుకునేవారి కోసమే ఈ లేఖ.

మనకు వెచ్చదనాన్నిచ్చేది ఈకలో నారో కాదు, వాటి మధ్య కదలకుండా నిలిచిపోయిన గాలి. హ్యామక్‌కు బయటి వైపున, కింద వేలాడదీసే బొంత, అంటే అండర్‌క్విల్ట్ మీద బరువు పడదు కాబట్టి దాని పొంగు తగ్గదు, ఆ గాలి అందులోనే ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు దిగేసరికే చాలామందికి వీపు చల్లబడడం మొదలవుతుంది కనుక, ఇది మంచు ప్రాంతాలకు వెళ్లేవారికి మాత్రమే కావలసిన సరంజామా అనుకోవడం సరికాదు.

కొనేటప్పుడు అందరూ మొదట చూసేది దాని మీద రాసి ఉన్న ఉష్ణోగ్రత. ఆ అంకెను అతిగా నమ్మవద్దని నా మనవి. స్లీపింగ్ బ్యాగులకు ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ఉంది. అందులో వేడిచేసిన మనిషి బొమ్మను బ్యాగులో ఉంచి, దాని కింద చాప పరిచి కొలతలు తీస్తారు. గాలిలో వేలాడే కింది బొంతకు ఆ పద్ధతి వర్తించదు. అందువల్ల అండర్‌క్విల్ట్ మీది అంకె సాధారణంగా తయారీదారు స్వయంగా వేసుకున్న అంచనాయే. ఒకరి సున్నా డిగ్రీలు మరొకరి సున్నా డిగ్రీలతో సమానం కాకపోవచ్చు. అంతకంటే నమ్మదగినవి లోపల నింపిన సరుకు బరువు, దాని నాణ్యత, పరిచినప్పుడు బొంత పొంగే మందం. చలికి త్వరగా వణికే శరీరం గలవారు తాము ఊహించిన కనిష్ఠ ఉష్ణోగ్రతకు మరో ఐదారు డిగ్రీలు తక్కువకు సరిపోయేదాన్ని ఎంచుకోవడం మేలు.

డౌన్ అనే మెత్తటి నూగు ఈకల విషయంలో నాణ్యతను ఫిల్ పవర్‌తో చెబుతారు. 800 ఫిల్ పవర్ అంటే ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల డౌన్, 800 ఘనపు అంగుళాల చోటును నింపుతుందని అర్థం. తక్కువ బరువుకు ఎక్కువ వెచ్చదనం ఇవ్వడంలో, చిన్న సంచిలో ఇమిడిపోవడంలో దానికి సాటి లేదు. కానీ తడిస్తే ముద్దకట్టి పొంగు కోల్పోతుంది. సింథటిక్ నార బరువెక్కువ, చోటెక్కువ. అయినా తడిలో పూర్తిగా చేతులెత్తేయదు. వానా పొగమంచూ తప్పని చోట్లకు, ముఖ్యంగా టార్పాలిన్ సరిగా కట్టడం ఇంకా అలవాటు కానివారికి, నేను సింథటిక్‌నే సూచిస్తాను.

అయితే వీటన్నిటికంటే ముఖ్యమైనది బొంత హ్యామక్‌కు అతుక్కునే తీరు, ఎందుకంటే వీపుకూ బొంతకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉన్నా అందులోకి చల్లగాలి చొరబడుతుంది, అప్పుడు ఖరీదైన డౌన్ కూడా ఎందుకూ కొరగాదు. అలాగని ఎలాస్టిక్ తాళ్లను మరీ బిగిస్తే బొంత హ్యామక్‌కు ఒత్తుకుని అణగిపోతుంది, స్లీపింగ్ బ్యాగ్‌కు పట్టిన గతే దీనికీ పడుతుంది. లోపలి గుడ్డ కంటే బయటి గుడ్డను కాస్త పెద్దదిగా కత్తిరించి కుట్టిన బొంతలు ఒంటి వంపును అనుసరిస్తూనే పొంగును నిలుపుకుంటాయి. ఎంపికలో ఈ కుట్టు సంగతి తప్పక అడగాలి. హ్యామక్‌లో చాలామంది కొంచెం ఐమూలగా పడుకుంటారు, కాబట్టి బొంతను కూడా ఆ వాలుకు జరిపి, రెండు కొసల్లోని తాడును బిగించి, పడుకున్న తరువాతే సరిచూడాలి. ఖాళీ హ్యామక్ కింద చక్కగా అమరినట్టు కనిపించేది మనిషి బరువు పడగానే పక్కకు జరగవచ్చు. తోడు ఉన్నవారు హ్యామక్‌కూ బొంతకూ మధ్య చేయి పెట్టించి, నడుము దగ్గర, భుజాల దగ్గర సందు ఉందేమో చూడమనాలి.

పొడవు విషయానికొస్తే, భుజాల నుంచి మోకాళ్ల దిగువ దాకా వచ్చే ముప్పావు బొంత తేలిక. కాని పాదాల కింద ఫోమ్ ముక్క వేసుకోవాలి, అది రాత్రి జరిగిపోతుంటుంది. గడ్డకట్టే చలికి పూర్తి పొడవుదే కొనమంటాను. గాలి ఊడ్చుకుపోయే చోట టార్పాలిన్‌ను కిందికి దించి కట్టడం, బొంత బయట గాలి ఆడే పలుచని తొడుగు వేయడం అవసరం. గాలి చొరని ప్లాస్టిక్ పట్టా చుడితే ఒంటి ఆవిరి బయటకు పోలేక లోపలే నీరై బొంతను తడుపుతుంది.

ఇలాంటి సామగ్రిని పరిచయం చేసే వ్యాసాలు ప్రచురించేటప్పుడు ఉష్ణోగ్రత అంకెతో సరిపెట్టకుండా, ఆ అంకె ఎలా వచ్చిందో, లోపల ఏ సరుకు ఎన్ని గ్రాములు ఉందో, బొంత ఎంత పొడవుదో, ఎంత పొడవు హ్యామక్‌కు సరిపోతుందో కూడా రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు