హుజూరాబాద్ దారిలో మమ్మల్ని ఆదుకున్నవారికి కృతజ్ఞతలు

ముందుగా ఎర్రజెండా తమ్ముడికి. పాలమూరు నుంచి వచ్చి కరీంనగర్–వరంగల్ రోడ్డు పనిలో ఎర్రజెండా ఊపి బండ్లను మళ్లించే రాత్రి డ్యూటీ చేస్తున్న నీకు నేనూ మా బాపూ రుణపడి ఉన్నాం. పేరు రాయొద్దన్నావు, రాయడం లేదు.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. శుక్రవారం రాత్రి హుజూరాబాద్‌లో పెళ్లి భోజనం చేసి హనుమకొండకు బయలుదేరాం. కారు నేనే నడుపుతున్నాను. ఎల్కతుర్తి ఇంకా రాకముందే అకాల వాన అందుకుంది. డైవర్షన్ దగ్గర ఎదురుగా ఒక వ్యాన్ హైబీమ్ వేసుకుని నా వైపుకే దూసుకొచ్చింది. ఎడమకు తప్పించాను. తడిసిన మొరం మీద ముందు చక్రం జారి, కల్వర్టు కోసం తవ్విన గోతి అంచున కారు ఒరిగి ఆగింది. నెమ్మదిగా వస్తున్నాం కాబట్టి అంచునే ఆగాం. వ్యాన్ మాత్రం ఆగలేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా కారు దగ్గరికి పరుగెత్తుకొస్తారు. నువ్వు మమ్మల్ని దాటి వెనక్కి పరుగెత్తావు. పక్కనున్న కోన్లు ఏటవాలుగా పేర్చుకుంటూ చాలా దూరం పోయి, ఎర్రగా వెలిగే కర్ర ఊపుతూ నిలబడ్డావు. కాసేపటికే కంకర నింపుకున్న టిప్పర్ ఒకటి వచ్చి, ఆ కోన్ల వెంబడి పక్కకు మళ్లి వెళ్లింది. ఆ తర్వాతే మా దగ్గరికొచ్చావు. కారు ఎడమకు ఒరిగి ఉంది కాబట్టి బాపును కుడి తలుపు నుంచి దింపి, కారు పక్కన నిలబడనివ్వకుండా పొలం గట్టు వైపు నడిపించావు.

వడ్ల లోడుతో ఐకేపీ కేంద్రానికి (మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం) పోతున్న ట్రాక్టర్ అన్నకు రెండో నమస్కారం. ట్రాలీ విప్పి, గొలుసు కట్టి, కారును వెనక్కి లాగారు. పోలీసు జీపు రాగానే ఆయన ముఖం మారింది, వెళ్లిపోతానన్నారు. కేసులో సాక్షిగా తిప్పుతారేమోనని భయం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ ఇలా సాయపడినవారికి రక్షణ ఇస్తుందనీ, పేరు, ఊరు చెప్పడం వారి ఇష్టమేననీ కానిస్టేబుల్ గారే చెప్పారు. ఆ మాట ఆయన నోట వినడం నాకు నిజంగా సంతోషం. అన్న డబ్బు ముట్టలేదు. 108 సిబ్బంది బాపుకు బీపీ చూసి, ఆస్పత్రి అవసరం లేదన్నారు.

అందరూ వెళ్లేదాకా తమ్ముడు చెప్పిన సంగతులు ఇంకా నా బుర్రలో తిరుగుతున్నాయి. ఏటవాలుగా పెట్టిన కోన్లు వాహనాన్ని మెల్లగా పక్క వరుసలోకి నడిపించడానికట. కొందరు వాటి మధ్య సందు చూసి అదే అడ్డదారి అనుకుంటారట. కొత్తగా వేసిన వరుస నున్నగా, ఖాళీగా కనిపిస్తుంది, ఎక్కేస్తారు. ముందు కల్వర్టు పూర్తి కాలేదని ఎవరికి తెలుసు? వెనక్కి వచ్చే టిప్పర్ డ్రైవరుకు తన వెనుక ఉన్న బైకు కనిపించదు. దుమ్ములో హైబీమ్ వేస్తే వెలుతురు మన కళ్లకే తిరిగి కొడుతుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వెలిగిస్తే ఎటు తిరుగుతున్నామో వెనకవాడికి తెలియదు. ఈ చివరి అలవాటు మన దగ్గర ఎందుకింత ముదిరిందో నాకు అంతుపట్టదు.

నేను బడిలో ఫిజిక్స్ చెబుతాను. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు, 40 అయితే 11. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. బోర్డు మీద ఈ లెక్క ఎన్నోసార్లు వేశాను. ఆ దూరం చివర జెండా పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడని మాత్రం పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక చెబుతాను.

ఈ 68 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలు చేసే పనికి 2023 జూలైలో వరంగల్‌లో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి తిరుగుతున్నవాళ్లం మలుపులన్నీ మనకు కంఠస్థం అనుకుంటాం. కానీ నిన్న ఎడమకు మళ్లిన దారి ఇవాళ కుడికి ఉంటుంది. బోర్డు పడిపోయి కనిపిస్తే, జాతీయ రహదారులకు 1033 నంబరు ఉంది. బండిని భద్రమైన చోట ఆపుకుని ఫోన్ చేయండి.

చివరగా ఐకేపీ కేంద్రంలోని అక్కలకు. మీ వడ్లు తడుస్తున్నా, కుప్ప మీద కప్పాల్సిన టార్పాలిన్లలో ఒకటి మా బాపు తలపైకి పట్టుకొచ్చారు. హడావిడిలో అది మా డిక్కీలోనే ఉండిపోయింది. వచ్చే ఆదివారం తెచ్చి ఇస్తాం. అప్పటికి కొనుగోళ్లు ముగిసి కేంద్రం ఎత్తేస్తే, గ్రామ పంచాయతీ ఆఫీసులో అప్పగిస్తాం, దయచేసి అక్కడ అడిగి తీసుకోండి.